గుల్లరాతి గోడ

శశికళా, ఆమె భర్తా లోపలికి వచ్చేసరికి ఛాయాదేవి వంటింట్లో నేల మీద గొంతుక్కూచుని పప్పు తుడుస్తోంది.

చెల్లెలి కూతురు చరిత మోచెయ్యి తగిలి గిన్నె బోర్లాపడింది. తుడవడానికి పొడుగాటి కర్రా, దాని చివర కుచ్చూ ఇంట్లో ఉన్నాయి గానీ, దాంతో తుడిస్తే ఆమెకు తుడిచినట్టుండదు. పాత తువ్వాలు తడిపి, పిండి, మడతలు వేసి, చీర కాస్త పైకి దోపి, వెనక్కి వెనక్కి జరుగుతూ చేత్తోనే తుడుస్తుంది. మరక పోయిన చోట అరచేత్తో రాసి చూస్తుంది, జిడ్డు ఇంకా తగులుతుందేమోనని.

చెల్లెలు విద్య పురిటికని ఛాయాదేవి చలికాలంలో అమెరికా వచ్చింది. బాబుకు మెడ నిలిచింది. ఇంకో రెండు వారాల్లో తిరిగి వెళ్ళిపోవాలి. ఈలోగా లాంగ్ వీకెండ్ కలిసొచ్చిందని, ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ అనే పాత రేవుపట్నం చూపిస్తామని విద్యా, మరిది అనూప్ పెద్ద వ్యాన్ బుక్ చేశారు. "సముద్రం ఒడ్డునే కోట ఉంటుందక్కా, నీకోసమే ఈ ట్రిప్పు" అని విద్య వారం నుంచీ అంటూనే ఉంది. సంగతి తెలిసి, విజయవాడ హాస్టల్లో విద్యతో ఒకే గదిలో ఉన్న శశికళ షికాగో పక్కన అరోరా నుంచి భర్త కృష్ణమోహన్‌తో సహా విమానం ఎక్కేసింది.

"ఏమే, ఇద్దరు పిల్లల తల్లీ!" అంటూ శశికళ విద్యను వాటేసుకుంది. కాలికి తడి తగిలి వెనక్కి తగ్గింది. కిందికి చూసింది. చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"ఎవరే ఈవిడ? ఎక్కడ దొరికిందే నీకు? మా అరోరాలో కాళ్ళకు మొక్కినా ఇట్లా చేత్తో తుడిచేవాళ్ళు దొరకరు."

ఛాయాదేవి తువ్వాలు పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నవ్వుమొహంతో లేవబోయింది. తను చెప్పుకోవడం బాగుండదు, చెల్లెలు చెబుతుందని ఆగింది.

విద్య ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల దేనికోసమో వెతుకుతున్నట్టు వంగింది. ఏమీ తియ్యకుండా తలుపు వేసింది.

"మా ఊరావిడేలే," అంది.

అబద్ధమేమీ కాదు. ఊరూ ఒకటే, ఇల్లూ ఒకటే, కన్నతల్లీ ఒకతే. ఛాయాదేవి సగం లేచినదల్లా మళ్ళీ కూచుంది. తుడిచిన చోటే ఇంకోసారి తుడిచింది.

కాసేపటికి చరితకు స్నానం చేయించి తల తుడుస్తుంటే విద్య గదిలోకి వచ్చింది. అక్క వైపు చూడకుండా కూతురి ముందు మోకాళ్ళ మీద కూచుంది.

"చరితా, గెస్టులు ఉన్నప్పుడు పెద్దమ్మని ఆంటీ అని పిలువు. సరేనా?"

"వై?" అంది చరిత. దానికి ఆరేళ్ళు. 'పెద్దమ్మ' అనడం నోరు తిరగక మొదట్లో 'పెడమ్మ' అనేది. ఛాయాదేవి ముందు కూచుని నోరు సాగదీసి 'ద్ద, ద్ద' అనిపించి, అన్నప్పుడల్లా ఒక జీడిపప్పు పెట్టి నేర్పింది. "పెద్దమ్మ ఆంటీ కాదు. ఆంటీ అంటే శశికళ ఆంటీ. లక్ష్మి ఆంటీ. వాళ్ళు ఫ్రెండ్స్."

"ఇంగ్లీష్‌లో పెద్దమ్మని కూడా ఆంట్ అనే అంటారమ్మా. అమ్మ సిస్టర్ అంటే ఆంటే. అంతా ఒకటే."

"దెన్ ఎందుకు మార్చాలి?"

"నాలుగు రోజులే బంగారం," అంది విద్య. లేచి వెళ్ళేటప్పుడు మంచం మీది బాబు గుడ్డలు అవసరం లేకపోయినా ఒకసారి సర్దింది.

చరిత తడి జుట్టులోంచి తలెత్తి పెద్దమ్మను చూసింది. "అనాలా?"

"అమ్మ చెప్పింది గదమ్మా. అను."

ఆ పూట భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక విద్య ఆమె వైపు తిరిగి, "ఆంటీ, మీరు కూడా పెట్టుకుని తినేయండి," అంది.

ఛాయాదేవి చేతిలో గరిటె ఆగింది. పుట్టి బుద్ధెరిగాక విద్య తనను 'నువ్వు' అనే అంది. కోపమొస్తే 'ఏందే' అని కూడా అంది. తన వీపు మీద పెరిగిన పిల్ల. ఇప్పుడు 'మీరు' అంటోంది. పరాయివాళ్ళను అనేటంత మర్యాదగా, మెత్తగా అంది. అదే మాట బయటివాళ్ళు అంటే ఎంత బాగుంటుంది!

"తింటానమ్మా," అంది. ఏకవచనమో బహువచనమో తేలకుండా అంతటితో ఆపింది.

*

పొద్దున్నే బయలుదేరారు. ముందు సీట్లలో అనూప్, కృష్ణమోహన్. మధ్యలో ఆడవాళ్ళిద్దరూ, వాళ్ళ మధ్య చరిత. వెనక వరసలో బాబు సీటు పక్కన ఛాయాదేవి, ఆమె కాళ్ళ దగ్గర పులిహోర డబ్బా, పెరుగన్నం పెట్టిన ఐసుపెట్టె, రైస్ కుక్కర్.

దారి పొడుగునా ఇరుపక్కలా ఒకే ఎత్తు చెట్లు. ఊరు వస్తుందనుకుంటే రాదు, బోర్డు మాత్రం వచ్చి పోతుంది. ముందు సీట్లలో వీసాల గురించి, ఎవరికో ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీద కూచోవడం గురించి మాట్లాడుకుంటున్నారు. బాబు నిద్రలో పెదాలు ఆడిస్తుంటే ఛాయాదేవి చూస్తూ కూచుంది.

"అవునే," అంది శశికళ ఉన్నట్టుండి, "మీ అక్క ఎట్లా ఉంది? ఇంకా టీచర్‌గానే చేస్తోందా?"

విద్య చరిత జుట్టు సర్దింది.

"అదేనే, ఎప్పుడూ చెప్పేదానివి గదా హాస్టల్లో. మా అక్క టీచరు, మా అక్కే నన్ను చదివిస్తోంది అని. సున్నుండలు పంపేది. నేనే సగం తినేసేదాన్ని. డెలివరీకి ఆవిడ రాలేకపోయిందా?"

"స్కూలు ఉంటుంది గదా," అంది విద్య. గొంతు సన్నగా వచ్చింది. "చేస్తోంది. బాగానే ఉంది."

అనూప్ అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూశాడు. చూసి, చల్లగాలి మీట ఎక్కువ చేశాడు. ఎవరూ ఉక్కగా ఉందనలేదు.

ఛాయాదేవి బాబు కాలి మేజోడు సర్దింది. బడిలో చేసేది నిజమే. బడి వెనక రేకుల కింద మూడు పొయ్యిలు. పిల్లలకు మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు రోజున గుడ్డు. పొయ్యి ఊది ఊది కనుబొమలు పలచబడ్డాయి. బడికి ఎవరైనా కొత్త ఆఫీసరు వస్తే పంతుళ్ళతోపాటు ఆమె కూడా లేచి నిలబడుతుంది. చెల్లెల్ని చదివించిందీ నిజమే. ఆ సున్నుండలూ తను చుట్టినవే. విద్య కల్పించింది పెద్దగా ఏమీ లేదు. రేకుల కింద నుంచి తీసి నల్లబల్ల ముందు నిలబెట్టింది, అంతే.

కాకపోతే ఇది నిన్న పప్పు ఒలికినప్పుడు పుట్టిన సంగతి కాదు. తను బస్సెక్కి సున్నుండల డబ్బా పట్టుకుని హాస్టలు గేటు దాకా పోయిన రోజుల్లోనే ఉంది. అప్పట్లో విద్య గేటు దగ్గరికే వచ్చి డబ్బా తీసుకునేది. "లోపలికి రానియ్యరక్కా" అనేది. ఛాయాదేవి నమ్మింది. నిజంగానే రానిచ్చేవాళ్ళు కాదేమో. ఇప్పుడు ఎవర్ని అడిగేది?

"సున్నుండలు తిన్నావంట గదే సగం," అని ముందు వరసలో శశికళ మెడ మీద ఒక్క దెబ్బ వేసి నవ్వాలనిపించింది ఆమెకు. కిటికీలోంచి చెట్లు చూసింది.

*

మర్నాడు పొద్దున కోటకు పోయారు. పాత ఊరి గుమ్మమని రెండు బొద్దు స్తంభాలున్నాయి, వాటి ముందు ఫోటోలు దిగారు. ఫోటోలు ఛాయాదేవే తీసింది. "ఈ బటన్ నొక్కండి ఆంటీ, చాలు," అని శశికళ కెమెరా చేతికిచ్చి వేలు పట్టుకుని చూపించింది. చల్లటి మనిషి శశికళ. తిండి దగ్గర ముందు "ఆంటీ తిన్నారా" అని అడిగేది ఆమే. నడుస్తుంటే బాబు సంచీ తన భుజానికి మార్చుకుంది కూడా.

కోట మనవైపు కోటల్లాగా కొండెక్కి లేదు. పచ్చిగడ్డి మీద, నీళ్ళ పక్కన, తాబేలు పడుకున్నట్టు పడుకుంది. వంతెన దాటి లోపలికి పోతే నాలుగువైపులా గదులు, మధ్య ఖాళీ జాగా. వెడల్పు టోపీ పెట్టుకున్న కాపలా అమ్మాయి అందర్నీ చుట్టూ పోగుచేసి చెబుతోంది. చేతిలో రాతిముక్క ఉంది. గోడ ముట్టుకోకూడదు గానీ ఇది ముట్టుకోవచ్చంటూ చేతులు మార్పించింది.

ఛాయాదేవి వంతు వచ్చింది. బరువు లేదు. దగ్గరికి తెచ్చి చూస్తే రాయే కాదు, అంతా గుల్లలు. గోరంత, గోరులో సగమంత, చిట్లినవి, అరిగినవి, ఒకదాన్నొకటి కరుచుకుని గట్టిపడ్డాయి. సూర్యలంక ఒడ్డున చిన్నప్పుడు విద్య గౌను మడతలో పోసుకుని ఇంటికి తెచ్చేవి ఇట్లాంటివే. బొటనవేలితో రాస్తే పొడి రాలింది. గుల్ల మాత్రం ఊడలేదు.

"ఇంత మెత్తటి రాయితో కోటేందయ్యా," అన్నాడు కృష్ణమోహన్. "మా అపార్ట్‌మెంట్ బిల్డర్‌కి చూపిస్తే సంబరపడతాడు."

"అదే స్పెషలంట," అన్నాడు అనూప్, కాపలా అమ్మాయి మాటలు విని చెబుతూ. "గట్టి రాయైతే ఫిరంగి గుండు తగిలితే బద్దలవుద్ది. ఇది బద్దలు కాలేదంట. గుండు లోపలికి దిగిపోయి అక్కడే ఆగిపోయేదంట. వారాల తరబడి కొట్టినా గోడ పడలేదు."

"అప్పుడు బాల్ లోపలే ఉందా, ఇప్పుడు కూడా?" అంది చరిత.

"ఉందేమో."

"గోడకి హర్ట్ అవదా?"

"గోడకి నొప్పేంటే బంగారూ!" అని శశికళ దాని బుగ్గ గిల్లింది.

ఛాయాదేవి రాతిముక్కను పక్కనున్న తెల్లముసలాయన చేతిలో పెట్టింది. వేళ్ళకంటిన పొడిని దులపకుండా గుప్పిట మూసుకుంది.

పైన బురుజుల మీద పాతకాలపు బట్టలేసుకున్నవాళ్ళు ఫిరంగి పేల్చి చూపిస్తారట. జనం మెట్లవైపు కదిలారు. బాబు తోపుడుబండి మెట్లెక్కదు.

"మీరు కింద నీడలో కూచోండి ఆంటీ. మేం వెళ్ళొచ్చాక మీరు వెళ్దురుగాని," అంది విద్య. అని, ఒక మెట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది. ఏదో అనబోయింది. వెనకనున్నవాళ్ళు తొందరపెడితే ఎక్కేసింది.

నీడలో బల్ల ఉంది. బాబును ఒళ్ళోకి తీసుకుని కూచుంది. పైన ఏదో అరుపు, తర్వాత నిశ్శబ్దం. అప్పుడు పేలింది. ఒంట్లో ఎముకలకు తెలిసింది ఆ శబ్దం. బాబు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. రెండు చెవులూ మూసి గుండెకు అదుముకుని, అటూ ఇటూ ఊగుతూ, "ఏం లేదు నాన్నా, ఏం లేదు, ఉత్త పొగ," అంది.

పొగ వాసన కిందికి దిగేసరికి ఎదురుగా వెడల్పు టోపీ కనిపించింది. కాపలా అమ్మాయి చేతిలో చరిత చెయ్యి. చరిత ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. పేలుడుకు బెదిరి, అమ్మ చెయ్యి విడిపించుకుని, మెట్లు దిగి పరిగెత్తి, ఏ చీకటి గదిలోనో దూరి ఏడుస్తుంటే ఆ అమ్మాయి పట్టుకొచ్చింది. పెద్దమ్మను చూడగానే పిల్ల చెయ్యి లాక్కోబోయింది. ఆమె వదల్లేదు. ఎవరి పిల్లనైనా ఎవరికిబడితే వాళ్ళకు ఇవ్వరు గదా. వంగి పిల్లనే అడిగింది, ఈమె నీకేమవుతుందని.

చరిత ఎక్కిళ్ళ మధ్య ఒకసారి మెట్లవైపు చూసింది. అమ్మ చెప్పినమాట గుర్తొచ్చినట్టుంది.

"షి ఈజ్ మై ఆంటీ."

"ఆంట్? మీ మామ్ సిస్టరా?"

"యెస్. బిగ్ సిస్టర్."

టోపీ అమ్మాయి తలెత్తి ఛాయాదేవిని చూసింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది. అందులో సిస్టర్ అన్న మాట ఛాయాదేవికి తెలుసు. చుట్టూ చూసింది. మనవాళ్ళెవరూ లేరు. మూడురోజులుగా నోట్లో ఎక్కడో అడ్డుపడి ఉన్నది కదిలింది.

"యెస్," అంది. "సిస్టర్. నా చెల్లెలు."

ఆ తెలుగుముక్క కూడా అర్థమైనట్టే ఆ అమ్మాయి నవ్వి, చెయ్యి వదిలింది. చరిత వచ్చి పెద్దమ్మ నడుము చుట్టుకుంది. ఒకచేత్తో బాబూ, ఒకచేత్తో ఇదీ. ఛాయాదేవికి ఒళ్ళంతా తేలికైంది. ఎవరైనా ఇంకోసారి అడిగితే బాగుండుననిపించింది.

మెట్ల మీద కాళ్ళ చప్పుడు. విద్య జుట్టు రేగిపోయి పరిగెత్తుకొచ్చి కూతుర్ని లాగి పొదువుకుంది. తిట్టింది, ముద్దుపెట్టింది, మళ్ళీ తిట్టింది. వెనకే అనూప్, కృష్ణమోహన్, చెప్పులు చేత్తో పట్టుకుని శశికళ. టోపీ అమ్మాయి వాళ్ళకు ధైర్యం చెప్పింది. కంగారేమీ లేదు, పాప మీ సిస్టర్ దగ్గరే ఉంది అంది. వేలితో తన నుదురు చూపించి, మీ ఇద్దరికీ ఒకటే పోలిక అని కూడా అని, నవ్వి, తన జనం దగ్గరికి వెళ్ళిపోయింది.

శశికళ చెప్పులు కింద వేసింది.

"సిస్టర్ అందేంటే? ఎవరి సిస్టరు?"

విద్య కూతురి జుట్టులో మొహం పెట్టుకుంది. ఎత్తలేదు. అనూప్ దూరంగా జెండా చూస్తున్నాడు. చరిత నోరు తెరిచింది. విద్య చెయ్యి దాని వీపు మీద బిగుసుకుంది. అంతలో విద్య తలెత్తి అక్క వైపు చూసింది. మూడురోజుల్లో సూటిగా చూడడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు పిల్ల దొరికినందుకో, ఇందుకో.

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఇందాక టోపీ అమ్మాయికి చెప్పిందే.

ఛాయాదేవి బాబును భుజం మార్చుకుంది.

"మన పిల్లలు అందర్నీ ఆంటీ అంటారు గదమ్మా," అంది శశికళతో. "ఈళ్ళకేమో ఆంటీ అంటే అమ్మ తోబుట్టువేనంట. పాప ఆంటీ అనేసరికి ఆ టోపీ అమ్మాయి అట్టా అనుకుంది, పాపం."

శశికళ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "అవునే! మా ఆఫీసులోనూ ఇంతే. మా మేనేజర్ అడిగాడు, మీ అమ్మకి ఎంతమంది చెల్లెళ్ళు, వీకెండ్‌కో ఆంటీ ఇంటికి పోతావు అని!"

కృష్ణమోహన్ నవ్వాడు. అనూప్ నవ్వాడు. అందరికన్నా ఆలస్యంగా విద్య నవ్వింది. చరిత ఒక్కతే నవ్వలేదు. ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడింది.

"పోలిక కూడా ఉందందే!" అంది శశికళ కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళకి మనమందరం ఒకేలా కనపడతాం."

తర్వాత విద్య బాబును తీసుకుని, "మీరు పైకి వెళ్ళి చూసి రండి," అంది. ఛాయాదేవి మెట్లవైపు చూసింది. "వద్దులేమ్మా, కాళ్ళు లాగుతున్నాయి," అంది.

*

సోమవారం శశికళ వాళ్ళను విమానాశ్రయంలో దించారు. వ్యాన్ దిగి శశికళ మళ్ళీ వెనక తలుపు దగ్గరికి వచ్చింది. ఛాయాదేవి రెండు చేతులూ పట్టుకుంది. "వెళ్ళొస్తాం ఆంటీ. మీ చేతి పులిహోర మర్చిపోలేను," అంది. తర్వాత విద్యతో, "మీ అక్కతో మాట్లాడినప్పుడు అడిగానని చెప్పవే," అంది.

"చెప్తాను," అంది విద్య.

అక్కడి నుంచి కమ్మింగ్‌లో ఇంటి దాకా మధ్య వరసలో సీటు ఖాళీగానే ఉంది. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు, ఆమె వెళ్ళలేదు.

ఇల్లు చేరాక అనూప్ వ్యాన్ అప్పగించడానికి వెళ్ళాడు. ఛాయాదేవి చీర మార్చుకోకుండానే వంటింట్లోకి పోయి రైస్ కుక్కర్ గిన్నె సింకులో పెట్టి నీళ్ళు వదిలింది. అడుగున మెతుకులు ఎండి అట్టకట్టాయి. గోటితో ఒక చివర లేపుతోంది.

గుమ్మంలో చరిత గొంతు వినిపించింది. "అమ్మా, నాలుగు రోజులు అయిపోయాయా?"

"ఆఁ. అయిపోయాయి."

"నౌ పెద్దమ్మ అనొచ్చా?"

"అను నాన్నా."

చరిత అనలేదు. వచ్చి ఛాయాదేవి కొంగు ఒకసారి పట్టుకుని, వదిలి, లోపలికి వెళ్ళిపోయింది.

విద్య అక్కడే నిలబడింది. తర్వాత మెల్లగా వచ్చి పక్కన నిలబడింది. సింకు అంచు మీద నీటిచుక్కల్ని వేలితో ఒకదాంట్లోకి ఒకటి కలుపుతోంది. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చి పొయ్యి పక్కన కూచుని బూడిదలో ఇట్లాగే గీతలు గీసేది. అప్పుడు ఛాయాదేవి అటు తిరక్కుండానే, "ఏందే, ఏం ముంచుకొచ్చావ్?" అనేది. అంతటితో ఏడుపు, అంతటితో ఓదార్పు. ఇప్పుడూ ఆ మాట కోసమే నిలబడి ఉంది.

"అక్కా," అంది విద్య.

ఛాయాదేవి కుళాయి కట్టింది. గిన్నెలోంచి చెయ్యి తీసింది. చెల్లెలి వైపు తిరిగింది, నవ్వుమొహంతోనే తిరిగింది.

"చెప్పండమ్మా," అంది.

విద్య వేలు ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన ఆ మాటను ఛాయాదేవి కూడా అప్పుడే విన్నది.